చేతులు ఒళ్లో పెట్టుకోవడం నేర్చుకున్న కాలం

విమానం నడపడం నేర్పే మాస్టరుకి ఒక జబ్బు ఉంటుంది. బడిపంతులైతే తప్పు కనబడితే ఎర్ర సిరాతో గీత గీసి ఊరుకుంటాడు. మాకు ఆ వీలు లేదు. శిష్యుడు తప్పు చేస్తే వాడితో పాటు మేమూ నేల మీద పడతాం. అందుకని మా చేతులూ కాళ్లూ ఎప్పుడూ పట్టీ పట్టనట్టు, విమానం నడిపే కట్టెకి కాస్త ఎడంగా తారాడుతూ ఉంటాయి. వాడు తడబడ్డాడో, టక్కున అందుకుంటాం. ఈ జబ్బు ముదిరితే మనిషి ఇంట్లో కూడా పనికిరాడు. నాకు బాగానే ముదిరింది.

మా అమ్మ జొన్నరొట్టె చేస్తుంటే పక్కన కూర్చుని, ఎడమచెయ్యి కొంచెం వదులు చెయ్యమనేవాణ్ణి. ఆమె పిండి చేత్తోనే నా మోచెయ్యి పక్కకు నెట్టి, "గిది నీ విమానం కాదు, లేచి అవతలికి పో" అనేది. అరక దున్నేవాళ్లకి మలుపు ఎలా తిప్పాలో చెప్పేవాణ్ణి. నేనెప్పుడూ అరక పట్టిన పాపాన పోలేదు. అయినా నోరు ఆగేది కాదు.

మాది ఇబ్రహీంపట్నం. మా బాపు ఊరికి మాలీ పటేలు. శిస్తు వసూలూ, పొలాల తగాదాలూ, సర్కారు మనిషి ఎవరొచ్చినా మంచం వాల్చి మర్యాద చెయ్యడమూ ఆయన పని. తాత పటేలు, ముత్తాత పటేలు. నేను పెద్దకొడుకుని. అంటే పురిట్లోనే నా ఉద్యోగం ఖరారైపోయింది. నేనే బుద్ధి తక్కువై, చదువుకోమని పట్నం పంపిస్తే, యుద్ధం రోజుల్లో బేగంపేటలో విమానం నేర్పుతున్నారని విని పోయి చేరాను. చెయ్యి కుదిరింది. బాగానే నడుపుతున్నాడని నన్నే నేర్పే పనిలో పెట్టారు. యుద్ధం అయిపోయాక అక్కడే ఉన్న ఫ్లయింగ్ క్లబ్బులో మాస్టరునయ్యాను.

మా బండ్లు టైగర్ మాత్‌లు. రెండంతస్తుల రెక్కలు, పైన కప్పు లేని రెండు గుంటలు. ముందు గుంటలో నేను, వెనక గుంటలో శిష్యుడు, ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం. వెనక కూర్చున్నవాడికి నా తల వెనక భాగం తప్ప ఏమీ కనబడదు. నా చెయ్యి కట్టె మీద ఉందో లేదో వాడికేం తెలుస్తుంది? ఎంత బాగా నడిపినా, మాస్టరే నడుపుతున్నాడులే అనుకుంటాడు. అందుకని మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. విమానాన్ని పూర్తిగా శిష్యుడికి వదిలేశాక, మాస్టరు రెండు చేతులూ గుంటలోంచి పైకెత్తి చూపించాలి. నేను ముట్టుకోవడం లేదు, విమానం నీది అని దాని అర్థం. ఆ చేతులు చూసి కొందరు మురిసిపోయేవారు. కొందరు హడలిపోయేవారు.

ఒకడు మాత్రం ఏడ్చాడు. పాతబస్తీ నుంచి వచ్చే కుర్రవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, నన్ను ఉస్తాద్ అనేవాడు. పారిపోయే మేకపిల్లని పట్టుకున్నట్టు కట్టెని బిగించి పట్టేవాడు. నేను చేతులెత్తగానే గొట్టంలోంచి కేకలు.

"ఉస్తాద్, దించున్రి! ఖుదా కే వాస్తే, చేతులు దించున్రి!"

"దించను. నడుపు."

"నా తోటి కాదు ఉస్తాద్!"

"ఇప్పుడు నడిపేది ఎవరు మరి, మీ తాతనా?"

గొట్టంలో ముక్కు ఎగబీల్చిన శబ్దం. ఆ తర్వాత విమానం నిఠారుగా, గీత గీసినట్టు పోయింది. దిగాక నన్ను కావలించుకున్నంత పని చేశాడు. దిగేటప్పుడు మాత్రం నేల తాకడానికి భయపడి, రన్‌వే సగం దాకా గాలిలోనే తేలించేవాడు. ఆ ఒక్క అలవాటూ నేను మాన్పించలేకపోయాను.

నేర్పడం మంచి పనే. కానీ ఎన్నాళ్లని? బేగంపేటలో లేస్తాం, పట్నం చుట్టూ తిరుగుతాం, మళ్లీ బేగంపేటలోనే దిగుతాం. గానుగెద్దు కూడా నన్ను చూస్తే జాలిపడి ఉండేది. నా కోరిక చిన్నది. ఒక్కసారైనా ఒక ఊళ్లో లేచి ఇంకో ఊళ్లో దిగాలి. అంటే జనాన్ని ఎక్కించుకుని ఊళ్లు తిరిగే కంపెనీలో చేరాలి.

ఆ రోజుల్లో కంపెనీలో చేరడమంటే మాటలు కాదు. యుద్ధం ముగిసి, సైన్యం వదిలిన పైలట్లు గుంపులు గుంపులుగా వచ్చి పడ్డారు. కంపెనీ నడిపేవి డకోటాలు, రెండు ఇంజన్ల పెద్ద విమానాలు. రెండు ఇంజన్లు నడిపిన అనుభవం ఉందా అని అడిగేవారు. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది అంటే, అనుభవం ఉంటేనే కదా ఉద్యోగం అనేవారు. నేను విమానం నడిపిన గంటల లెక్క చూసి ఒక పెద్దమనిషి, "ఇన్ని గంటలూ ఈ మైదానం చుట్టేనా?" అని నవ్వాడు. ఆయన నవ్విన దానికి నేను కూడా నవ్వాను. లోపల మాత్రం ఒళ్లు మండింది.

చివరికి ఒకరోజు, సరే రమ్మని డకోటాలో కుడిపక్క సీట్లో కూర్చోబెట్టారు. ఎడమపక్క కెప్టెన్ నడుపుతాడు. కుడిపక్కవాడు ఆయన చెప్పిన పని చేసి, మిగతా వేళ బుద్ధిగా కూర్చోవాలి. ఆ కెప్టెన్ నెరిసిన మీసాల మనిషి. నేను పాలపీక వదలక ముందే ఆయన ఆకాశంలో ఉన్నాడు. అంతా చక్కగా జరిగింది. దిగేటప్పుడు పక్కగాలి కొట్టి విమానం ముక్కు కొంచెం పక్కకి పోయింది. అంతే, ఏం జరిగిందో నాకే తెలియదు. నా కాలు పెడల్ తొక్కేసింది, చెయ్యి విమానం నడిపే చక్రం అందుకుంది, నోరు "వదులు, వదులు, నేను చూసుకుంట" అనేసింది.

ఆ మాట ఆ మీసాలతో!

దిగాక ఆయన కోప్పడలేదు. నా భుజం తట్టి, "బేటా, నడపడం వచ్చు నీకు. కూర్చోవడం రాదు. నేర్చుకుని రా" అన్నాడు. అలా నా మొదటి అవకాశం పోయింది. నేను రోజూ కేకలేసిన పాతబస్తీ కుర్రవాణ్ణి ఆ తర్వాత కొన్నాళ్లకే అదే కంపెనీ తీసుకుంది. వాళ్ల మామ సిఫారసు చేశాడనుకోండి, కానీ వాడికి కూర్చోవడం కూడా వచ్చు. నాకు కుళ్లుగా అనిపించింది. మిఠాయి తెచ్చి కాళ్లకి మొక్కబోయాడు కనుక ఆ కుళ్లు ఎక్కువసేపు నిలబడలేదు.

ఇంతలో రోజులు చెడిపోయాయి. ఢిల్లీకీ నిజాం సర్కారుకీ పడక, బయటి నుంచి రావలసిన సరుకులు ఆగిపోయాయి. పెట్రోలు లేదు. క్లబ్బు విమానాలకి గుడ్డలు కప్పి తాళం వేశారు. నేను పెట్టె సర్దుకుని ఇబ్రహీంపట్నం వచ్చాను. ఊళ్లో పరిస్థితి ఇంకా చక్కగా ఉంది. పగలు రజాకార్లు వచ్చి, సంఘపోళ్లకు అన్నం పెట్టిందెవరని బాపుని అడిగేవారు. పొద్దుగూకాక, నిజాం మీద తిరగబడ్డ ఆ సంఘపోళ్లు వచ్చి, రజాకార్లకు ఏం చెప్పినవని అడిగేవారు. ఇద్దరికీ మర్యాద చేసి పంపడానికి మా మంచం ఒక్కటే. బాపు ఎవరి ముందూ గొంతు పెంచకుండా, ఎవరి పేరూ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. అది ఎంత కష్టమైన పనో నాకప్పుడు తెలియదు. ఆ పటేలు తలపాగా నా నెత్తికి రాకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ఊళ్లోవాళ్లకి నేనొక వింత. "విమానం నడిపెటోడివి, చింతకాయ దులుపుకుంట కూసున్నవేంది పటేలా?" అని అడిగేవారు. కొలువు లేదంటే నమ్మేవారు కాదు. నిజాం మీదికి ఢిల్లీ సైన్యాలు కదిలిన ఆ సెప్టెంబరులో మాత్రం నాకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆకాశంలో ఇంజన్ చప్పుడు వినబడితే చాలు, జనం గడ్డివాముల చాటు నుంచే నన్ను కేకేసేవారు.

"ఎవలది పటేలా? మనదా, వాళ్లదా?"

"ఢిల్లీ వాళ్లది."

"బాంబులేస్తదా?"

నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాణ్ణి. "ఏమో గని, మలుపు మంచిగ తిప్పుతలేడు. కాలు సరిగ తొక్కుతలేడు" అన్నాను ఒకసారి. గడ్డివాము వెనకాల ఒక ముసలవ్వ, "వీని నోట్ల మన్నువడ, వాడు బాంబేస్తడేమో అంటె మలుపు బాలేదంటడు" అని అంత భయంలోనూ నవ్వింది. విమానం చెరువు మీదుగా పట్నం వైపు పోయింది. బాంబులేమీ పడలేదు.

కొద్ది రోజుల్లోనే అంతా అయిపోయింది. నిజాం లొంగిపోయాడని, రజాకార్లు పారిపోయారని కబురొచ్చింది. మా ఊళ్లో డప్పులు కొట్టారు. నేనూ సంతోషించాను. కానీ వెనకాలే వేరే కబుర్లు కూడా వచ్చాయి. కొన్ని చోట్ల, ఏ పాపమూ ఎరగని తురకల ఇళ్ల మీద పడ్డారని. పాతబస్తీలో నా శిష్యుడు ఎలా ఉన్నాడోనని గుండెలో పీకుతూనే ఉండింది. డప్పుల చప్పుడు నాకు చేదెక్కింది.

ఆ వారాల్లోనే మహేశ్వరంలో ఉన్న మేనత్త ఎలా ఉందో చూసి రావాలని, బాపూ నేనూ ఎడ్లబండి మీద బయల్దేరాం. పగ్గాలు బాపు చేతిలో. నేను పక్కన. ఊరు దాటకముందే నా చెయ్యి రెండుసార్లు పగ్గాల మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి," అన్నాడు బాపు.

"ఎడమ ఎద్దు గుంజుతుంది బాపు."

"నాకు తెల్వదా? నీకంటె ముందుగాల నాకే తెలుసు."

మీసాల కెప్టెన్ మాట గుర్తొచ్చింది. ఆ సంగతంతా మొదటిసారి బాపుకి చెప్పాను. కూర్చోవడం రాదని నన్ను వద్దన్నారని. మా క్లబ్బు ఆనవాయితీ గురించి కూడా చెప్పి, రెండు చేతులూ పైకెత్తి చూపించాను.

బాపు చప్పున చుట్టూ చూసి, "దించు ముందుగాల!" అన్నాడు. "ఈ దినాలల్ల చేతులు లేపుడంటె తుపాకి ముందట నిలవడ్డట్టు. రజాకార్లు లేపుమన్నరు, సంఘపోళ్లు లేపుమన్నరు, ఇప్పుడు మిల్ట్రీ లేపుమంటున్నరు. మీ తాన అట్ల చేస్తె ఏమన్నట్టు?"

"నీ బండి నువ్వే నడుపుకో, నేను అందుకోను అన్నట్టు."

"నేర్పినోడు అట్లంటె, నేర్సుకున్నోడికి భయంగాదా?"

"అయితది. నేర్పినోనికి ఇంకెక్కువ అయితది."

బాపు నన్ను ఒకసారి తేరిపార చూసి, ఎడ్లని అదిలించాడు.

రావిర్యాల దాటాక ఎదురుగా మిలిటరీ లారీలు వచ్చాయి. మా ఎడ్లు ఇంజన్ చప్పుడు ఎరగవు. చెవులు రిక్కించి, ఒక్కసారి పక్కకి దుమికాయి. పక్కన లోతైన వాగు. నా రెండు చేతులూ లేచాయి. ఎట్లా ఆపుకున్నానో, వాటిని మోకాళ్ల మధ్య ఇరికించి కూర్చున్నాను. నేనైతే పగ్గాలు గట్టిగా గుంజేవాణ్ణి. బాపు గుంజలేదు. వదులు చేసి, నోటితో ఏదో మెల్లగా అంటూ వాటినే దారి వెతుక్కోనిచ్చాడు. చక్రం అంచున రాళ్లు దొర్లాయి. మళ్లీ బాట మీదికి వచ్చాం. లారీలో ఉన్న సిపాయి ఒకడు చెయ్యి ఊపాడు.

"ఏందిరా, ఇయ్యాల చెయ్యి రాలే?" అన్నాడు బాపు కాసేపటికి.

"ఒళ్లె పెట్టుకున్న."

"పర్వాలే. మనిషివైతున్నవ్."

ఆయన నోట మెప్పు వినడం నాకదే మొదలు. అయితే మెప్పుతో పాటు ఇంకో మాట కూడా వచ్చింది. క్షేమంగా ఉన్న మేనత్తని చూసి తిరిగి వస్తుండగా అన్నాడు: "నాకు శాతనైతలేదు. వచ్చే వానకాలం దాక చూస్త. కంపెనోళ్లు పిలిస్తె పో, నేను అడ్డం రాను. పిలువకుంటె పటేల్గిరి నువ్వు ఎత్తుకో. నువ్వు ఎత్తుకోకుంటె అది మన ఇల్లు దాటిపోతది." కోపంగా అని ఉంటే వాదించేవాణ్ణి. ఆయన అలిసిపోయి అన్నాడు. సరేనన్నాను.

క్లబ్బు మళ్లీ తెరిచారు. నేను మళ్లీ గుంట ఎక్కాను. కంపెనీ ఆఫీసుకి తీరిక దొరికినప్పుడల్లా పోయేవాణ్ణి. అక్కడ ఏ దారిలో విమానం నడపాలో, అసలు కంపెనీ ఎవరి చేతికి పోతుందో ఎవరికీ తెలియదు. "ఖాళీ లేదు సాబ్, ఉంటె ఖబర్ చేస్తం" అనేవాడు గుమస్తా. పోగా పోగా నన్ను చూడగానే చాయ్ తెప్పించి, ఖాళీ లేదనడం కూడా మానేశాడు.

ఒకరోజు ఆ వరండాలోనే వెనక నుంచి "ఉస్తాద్!" అని వినబడింది. నా శిష్యుడే. బతికే ఉన్నాడు. చిక్కిపోయాడు. భుజాల మీద కెప్టెన్ పట్టీలున్నాయి. నేను వాణ్ణి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. మీసాల కెప్టెన్‌తో సహా చాలామంది కరాచీ వెళ్లిపోయారట, ఆ ఖాళీలోనే వీడు అంత తొందరగా కెప్టెనయ్యాడు.

"నువ్వు పోలేదేం?"

"నేను పోత గని అమ్మీ రాదు ఉస్తాద్. ఆమెకు మా ఇంటి బాయినీళ్లు తప్ప వేరే నీళ్లు అరగవు" అన్నాడు.

అప్పటి నుంచి నేను పైకి చూడడం మొదలుపెట్టాను. మబ్బుల కోసం. ఊళ్లో అందరూ వాన రావాలని మొక్కుతుంటే, నేనొక్కణ్ణే జర ఆగు తల్లీ అని వేడుకున్నాను. మృగశిర దగ్గరపడింది. బాపు ఏమీ అడిగేవాడు కాదు. పెట్టెలోంచి తాత తలపాగా తీసి, అమ్మ చేత ఉతికించి, దండెం మీద ఆరేయించాడు. నేను దానికింద తల వంచుకుని నడిచేవాణ్ణి.

అది ఆరుతుండగానే పట్నం నుంచి కబురొచ్చింది. కొందరిని తీసుకుంటున్నారు. కొన్ని వారాలు ఇంజన్ల పాఠాలు, మైదానం చుట్టూ డకోటా చక్కర్లు. చివరి పరీక్ష, సరుకు విమానంలో మద్రాసు వెళ్లి రావడం. పోయేటప్పుడు కుడిపక్క కూర్చోవడం, వచ్చేటప్పుడు నడపడం. ఎడమపక్క సీట్లో పరీక్ష పెట్టేవాడు ఎవరో చెప్పనక్కర్లేదు.

మద్రాసు దాకా వాడు ఉస్తాద్ అనలేదు. మొహం గంభీరంగా పెట్టి, చెప్పవలసిన పనులు చెప్పాడు, నేను చేశాను. దిగేటప్పుడు మాత్రం మొదలైంది. వాడి పాత జబ్బు! రన్‌వే పరుగెడుతోంది, విమానం నేల తాకదే. తేలిస్తున్నాడు, తేలిస్తున్నాడు. నా ఒళ్లంతా దురద పుట్టింది. నాలుక చివర "దించు" అన్న మాట నిలబడింది. రెండు చేతుల మీదా కూర్చున్నాను. నిజంగానే, వాటిని తొడల కింద పెట్టుకుని బరువంతా వేసి కూర్చున్నాను. రావిర్యాల దగ్గర వదులైన పగ్గాలు తలుచుకున్నాను. ఎప్పటికో చక్రాలు తగిలాయి. వాడు నా వంక చూడకుండా, "కూర్చోవడం వచ్చింది" అని మాత్రం అన్నాడు. మీసాల కెప్టెన్ మాట వాడిదాకా పోయిందన్నమాట. బయటికి దిగితే ఉప్పుగాలి. నేను లేచిన ఊరు కాదు అది. అక్కడి నేల మీద కాలు మోపి కాసేపు ఊరికే నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో నేను నడిపాను. పట్నం దగ్గరికొచ్చేసరికి తొలకరి మబ్బులు. ఇబ్రహీంపట్నం చెరువు మసకగా కనబడింది, మా ఊరి మీద అప్పటికే వాన పడుతోంది. గాలి బలంగా పక్కకి తోస్తోంది. ఓరకంట చూస్తే, శిష్యుడి చేతులు చక్రానికి కాస్త ఎడంగా, పట్టీ పట్టనట్టు తారాడుతున్నాయి. అచ్చం నా చేతుల్లాగే.

"చేతులు," అన్నాను, ఉండబట్టలేక.

వాడు నవ్వాడు. "మాఫ్ చెయ్యున్రి ఉస్తాద్" అని రెండు చేతులూ పైకెత్తాడు. వెనక కూర్చున్న రేడియో మనిషికి ఏమీ అర్థం కాలేదు. చక్రాలు బేగంపేట నేలకి తగిలేదాకా వాడు వాటిని దించలేదు.

ఉద్యోగం వచ్చింది. మకాం మద్రాసులో. ఇంటికి పోయి చెబితే అమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. బాపు "మంచిది" అన్నాడు. అప్పటిదాకా దండెం మీదే ఉంచిన తలపాగా తీసి, మడత పెట్టి, మర్నాడు చిన్నతాత ఇంటికి, పటేల్గిరి ఇక మీదేనని, తనే తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. నేను వేడుకున్నది ఇదే. అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

బయల్దేరిన రోజు బాపు బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. చెయ్యి ఊపుతాడనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూడలేదు. బజారు నడుమ, కాపలా ఉన్న మిలిటరీ వాళ్ల ఎదుటే, రెండు చేతులూ నిలువుగా పైకెత్తాడు.

"పటేల్ సాబ్ చేతులెందుకు లేపిండు?" అన్నాడు కండక్టరు కంగారుగా. "ఎవలన్న బెదిరిస్తున్నరా?"

"లేదన్నా," అన్నాను. "బండి నాదని చెప్తుండు."

ఇంకా ఏదో అడిగాడు గానీ నేను కిటికీలోంచి తల తిప్పలేదు. బస్సు మలుపు తిరిగింది. అప్పటికీ మా బాపు చేతులు దించలేదు.